వాడికి నొప్పి తెలియాలి

"లే అమ్మా. నాకు టైమవుతోంది."

"లేవను."

మార్తమ్మ హాల్లో, గుమ్మానికి ఎదురుగా, ఆ నల్ల పెట్టె మీద కూర్చుంది. ఊరికే కూర్చోలేదు. కుచ్చిళ్ళు సర్దుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, నన్నెవరు లేపుతారో చూస్తాను అన్నట్టు కూర్చుంది. వంటింట్లో పెనం మీద అట్టు మాడుతోంది. ఆ కమురు వాసన తల్లికీ తెలుస్తోంది, కూతురికీ తెలుస్తోంది.

"అట్టు మాడిపోతోందమ్మా."

"మాడనీ. నా కడుపు మాడినంత మాడదు."

చివరికి బ్లెస్సీయే వెళ్ళి స్టవ్ ఆపి వచ్చింది. వచ్చేసరికి మార్తమ్మ పెట్టె పిడి కూడా గట్టిగా పట్టుకుని ఉంది.

అంతా ఒక్క ఫోను తెచ్చిన తంటా. సూర్యప్రకాశరావు డాక్టరుగారు ఫోన్ చేసేసరికి బ్లెస్సీ చేతికి చట్నీ అంటుకుని ఉంది. అందుకని స్పీకర్లో పెట్టింది. అదే కొంప ముంచింది. "భుజం ఎముక కేసమ్మా, నుజ్జయిపోయింది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కుతూ బండితో సహా పడ్డాడట. రాజోలు అవతల మందులషాపాయన, పోలిరాజని. పదకొండింటికల్లా వచ్చెయ్" అనేసి ఆయన పెట్టేశారు. పాపం, ఆయనకేం తెలుసు ఈ ఇంట్లో ఆ పేరెత్తితే ఏమవుతుందో!

నిజానికి ఆ పేరెత్తని రోజంటూ లేదు ఈ ఇంట్లో. రెండేళ్ళుగా సాయంత్రం ప్రార్థనలో మార్తమ్మ జబ్బుపడ్డవాళ్ళ కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం, పాస్టరుగారి కుటుంబం కోసం అడిగి, ఆఖర్న గొంతు మార్చి, "ప్రభువా, ఆ పోలిరాజుని మాత్రం మర్చిపోకు" అంటుంది. అది దీవెన కాదని పైనున్నవాడికీ తెలుసు, పక్కన మోకాళ్ళ మీదున్న కూతురికీ తెలుసు. అయినా బ్లెస్సీ "ఆమేన్" అంటుంది. గట్టిగానే అంటుంది.

"ఇన్నాళ్ళూ అడిగేను. విన్నాడు. తెచ్చి నీ చేతుల్లో పడేసేడు," అంది మార్తమ్మ.

"అయితే లే. నన్ను వెళ్ళనీ."

"వెళ్ళు. ఎవరొద్దన్నారు? చేతులూపుకుంటూ వెళ్ళు. ఈ పెట్టె మాత్రం గడప దాటదు."

అమలాపురంలో మత్తు డాక్టర్లు ఒకచోట కూర్చుని పనిచెయ్యరు. ఎక్కడ ఆపరేషనుంటే అక్కడికి, పిలుపొస్తే పెట్టె పట్టుకుని పరుగెత్తడమే. కానీ అందరి పెట్టెలూ ఒకటి కావు. బ్లెస్సీ పెట్టెలో నరాన్ని వెతికి చూపించే చిన్న స్కానింగ్ మిషనుంది, సన్నటి పొడుగు సూదులున్నాయి. కొయ్యకముందే ఆ నరాన్ని మొద్దుబారుస్తుంది. కోస్తున్నంతసేపూ రెండు మూడు రకాల మత్తుమందులు కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, నొప్పి ఒంట్లో పాతుకోకుండా చూస్తుంది. మెలకువ వచ్చాక ఆ మనిషికి మార్ఫిన్ జాతి సూదులతో పెద్దగా పనుండదు. "బ్లెస్సీ మత్తిస్తే మర్నాడు సూది అడిగేవాడుండడు" అని ఊళ్ళో సర్జన్లు చెప్పుకుంటారు. ఆమె ఆ పనిని ఎందుకంత పంతంగా పట్టుకుందో వాళ్ళకి తెలీదు. మార్తమ్మకి తెలుసు.

"వాడికి నొప్పి తెలియాలి," అంది మార్తమ్మ. "నా బిడ్డకి తెలిసినట్టు తెలియాలి. అరవాలి. అరిచి అరిచి ఆ సూది కావాలనాలి. ఆనక ఇంటికెళ్ళేక వాడి షాపు నిండా అవే కదా! తనకి తనే పొడుచుకుంటాడు. మనం ఏం చెయ్యక్కర్లేదు అమ్మాయ్. చెయ్యకుండా ఉంటే చాలు."

చెయ్యకుండా ఉంటే చాలు. ఆ మాట బ్లెస్సీ గుండెకి చల్లగా తగిలింది. ఎండలోంచి వచ్చి కుండలో నీళ్ళు తాగినంత హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నందుకు సిగ్గేసింది కూడా.

పైకి మాత్రం, "నేను డాక్టర్నమ్మా," అంది.

"వాడూ డాక్టర్ననే చెప్పుకు తిరిగేడు కదే!"

"వాడూ నేనూ ఒకటేనా?"

"అందుకే చెప్తున్నాను. నువ్వేం విషం కలపక్కర్లేదు. మిగతా డాక్టర్లు ఇచ్చినట్టే ఇయ్యి. ఊళ్ళో అందరికీ ఎలా జరుగుతుందో వాడికీ అలాగే జరుగుతుంది. ఇందులో తప్పెక్కడుందో చూపించు. ఎవడైనా నిన్ను వేలెత్తి చూపించగలడా?"

టీచరమ్మ వాదన! ముప్ఫయ్యేళ్ళు పిల్లకాయలకి లెక్కలు చెప్పిన మనిషి. పలక మీద లెక్క చేసి చూపించినట్టు చెప్తుంది. బ్లెస్సీ చెప్పులేసుకుంది.

"సరే. ఈ పెట్టెకి నువ్వే కాపలా కాసుకో."

"దేవుడు నీకు తోడుండు గాక," అంది మార్తమ్మ. ఈసారి మాత్రం దీవెనే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. పెట్టె లేకపోతే బ్లెస్సీ పని సగం దెబ్బతింటుంది, నిజమే. మిగతా సగం ఆ పెట్టెలో లేదు. కెటమిన్, లిగ్నోకెయిన్ లాంటి మత్తుమందులు ఏ ఆపరేషన్ థియేటర్లోనైనా చెయ్యి చాపితే అందుతాయి. వాటితోనే చాలావరకు గట్టెక్కించవచ్చు. ఆ సంగతి మార్తమ్మకి తెలీదు. బ్లెస్సీకి తెలుసు. తెలిసి కూడా నోరు మెదపలేదు. అమ్మే ఆపిందన్న సాకు ఒళ్ళోకొచ్చి పడితే కాలదన్నుకునేంత మంచితనం ఆ పూట ఆమె దగ్గర లేదు.

*

స్కూటీ మీద వెళ్తున్నంతసేపూ తమ్ముడే గుర్తొచ్చాడు.

ఇమ్మానుయేలు రాజోలు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. బండి మీంచి పడి కాలు విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చాక నొప్పి తగ్గలేదు. పక్క ఊళ్ళో మందులషాపు పోలిరాజు మోటార్ సైకిల్ మీద వచ్చి ఆ మార్ఫిన్ జాతి సూది వేసి వెళ్ళేవాడు. మొదట రోజుకొకటి. తర్వాత పొద్దుటొకటి, సాయంత్రమొకటి. కాలు అతుక్కుంది, కానీ సూది వదల్లేదు. కాలేజీ మానేశాడు. గడ్డం పెంచుకుని, పోలిరాజు బండి చప్పుడు కోసం కిటికీ దగ్గర కూర్చునేవాడట. ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. నిద్రలోనే ఊపిరి ఆగిపోయింది.

అప్పుడు బ్లెస్సీ విశాఖపట్నంలో ఉంది. ఏం చదువుతోంది? ఇదే చదువు! మత్తు ఎలా ఇవ్వాలో, ఊపిరి ఆగకుండా ఎలా కాపాడాలో చదువుతోంది. సమాధి దగ్గర తల్లి భుజాలు పట్టి కుదిపేసి, "నాకెందుకు చెప్పలేదమ్మా? ఒక్క మాట చెప్తే వచ్చేసేదాన్ని కదా!" అని నిలదీసింది. మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తల అడ్డంగా ఊపింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. పోలిరాజు చేతులు కట్టుకుని, "ఆయ్, తప్పేనండి" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ పెద్దమనుషులకి అదే చాలింది. నెల తిరక్కుండా షాపు మళ్ళీ తెరిచాడు. మార్తమ్మ అక్కడ ఉండలేక ఇల్లు అద్దెకిచ్చి, చదువు ముగించి అమలాపురంలో చేరిన కూతురి దగ్గరికి వచ్చేసింది.

ఆసుపత్రి మెట్ల దగ్గరే సూర్యప్రకాశరావుగారు ఎదురయ్యారు. పెద్దాయన. తొందర మనిషి.

"పెట్టె ఏదమ్మా?"

"ఇంట్లో ఉండిపోయింది సార్."

"అయ్యో! ఎవర్నైనా పంపిద్దామా?"

"వద్దు సార్. ఆలస్యమవుతుంది."

ఆయన గడియారం చూసుకున్నారు. "సర్లే. ఇవాళ్టికి మామూలుగా కానిచ్చేద్దాం."

"ఆయ్. మామూలుగానే సార్," అంది బ్లెస్సీ.

ఎంత తేలికైన మాట! మామూలుగా పడుకోబెట్టడం, మామూలుగా లేపడం. లేచాక భుజంలో మంట. ఆ మంటకి మామూలుగా రాసే సూది. ఎవరూ ఏమీ అనరు. అనడానికి ఏమీ ఉండదు.

వరండాలో పోలిరాజు భార్య విజయదుర్గ కాచుకుని ఉంది. ఆకుపచ్చ టోపీ చూసి, మత్తు డాక్టరని పోల్చుకుని, గబగబా వచ్చేసింది. మాస్కు వెనకాల మొహం ఎవరిదో ఆవిడ చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. మత్తిచ్చేవాళ్ళ పేరెవరు అడుగుతారు?

"అమ్మా, డాక్టరమ్మగారూ! మా ఆయన నొప్పికి అస్సలు ఆగలేరండి. మనిషలా ఉంటారు గానీ ముల్లు గుచ్చుకున్నా ఇల్లు పీకి పందిరేస్తారు. ఎంత గట్టి సూదైనా సరే ఇచ్చీండమ్మా. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

"గట్టిదే కావాలా?"

"ఆయ్! ఉన్నవాటిల్లోకెల్లా గట్టిదేనండి."

"అలాగేనండి," అంది బ్లెస్సీ మర్యాదగా. తనే ఇమ్మంటోంది! ఇంక దోషమెక్కడిది? మొగుడు అమ్మిన సరుకే పెళ్ళాం చేతులు జోడించి అడుగుతోంది. ఆ క్షణంలో బ్లెస్సీకి నవ్వొచ్చింది. మాస్కు ఉండబట్టి ఎవరికీ కనబడలేదు.

*

థియేటర్ పక్కగదిలో పోలిరాజు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చెయ్యి ఛాతీకి కట్టేసి ఉంది. నెరిసిన మీసాలు, వాచిన మొహం. రెండేళ్ళకే ముసలాడైపోయాడు. చూడగానే జాలి వేస్తుందేమోనని బ్లెస్సీ లోపల్లోపల భయపడింది గానీ, వెయ్యలేదు. హమ్మయ్య అనుకుంది.

తలుపు దగ్గరగా వేసి, మాస్కు కిందికి లాగింది. చూడనీ.

"గుర్తుపట్టేరా?"

పోలిరాజు రెప్ప వెయ్యకుండా చూశాడు. లేవబోయాడు. నొప్పికి మూలిగి మళ్ళీ పడుకున్నాడు.

"ఆయ్. టీచరమ్మగారి అమ్మాయిగారు."

"ఇవాళ మీకు మత్తిచ్చేది నేనే. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. వేరే ఆయన రేపు వస్తారు."

"మీరే ఇవ్వండమ్మా."

"భయం లేదా?"

"ఉందండి. అయినా మీరే ఇవ్వండి." పెదాలు తడుపుకున్నాడు. "ఒక్కటే మనవండి. లేచేక నేను ఎంత అరిచినా సరే, ఆ సూది మాత్రం వేయించొద్దండి. మా ఆవిడ బతిమాలుతుంది, నేనే బతిమాలతానేమో కూడా. వేయించొద్దండి."

బ్లెస్సీ మంచానికి దగ్గరగా జరిగింది.

"ఎందుకొద్దు?"

"అదెలాంటిదో నాకు తెలుసు కదండీ."

"ఎప్పట్నించి తెలుసు?"

ఆయన పైన తిరుగుతున్న ఫ్యానుకేసి చూశాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. మా తమ్ముడు పోయేక తెలిసిందా? ముందే తెలుసా?"

"ముందేనండి," అన్నాడు పోలిరాజు.

బ్లెస్సీ ఒళ్ళు భగ్గున మండిపోయింది. ఇన్నాళ్ళూ ఎంత తిట్టుకున్నా, ఏదో ఓ మూల, తెలియక చేశాడులే అన్న అనుమానం ఉండేది. చదువు తక్కువవాడు, నాలుగు మందుల పేర్లు నేర్చుకుని డాక్టరు వేషం వేశాడు అనుకునేది. కాదు! తెలుసు. తెలిసే పొడిచాడు. తన ఒంటికి మాత్రం వద్దట!

"మీ ఒళ్ళు ఒళ్ళు, మా తమ్ముడి ఒళ్ళు ఒళ్ళు కాదా?" గొంతు లేచిపోతోంది. అణుచుకుంది. "తెలిసి ఎలా వేసేరు? ఏ చేత్తో వేసేరు? ఈ విరిగిన చేత్తోనేనా?"

"ఆయ్. ఈ చేత్తోనేనండి."

"ఆయ్ అనకండి! ఆరోజు పెద్దల ముందరా ఇలాగే ఆయ్, తప్పేనని చేతులు కట్టుకున్నారు. ఎందుకు వేసేరో చెప్పండి. అదొక్కటి చెప్పండి."

"చెప్పకూడదనుకున్నానండి."

"చెప్పకపోతే మీరడిగింది నేను చెయ్యను."

అన్నాక గానీ బ్లెస్సీకి తెలియలేదు, ఎంత నీచమైన మాటో అది. అయినా వెనక్కి తీసుకోలేదు.

పోలిరాజు కళ్ళు మూసుకున్నాడు. "మత్తులో నేను పోతే ఇంక చెప్పేవాడుండడు లెండి," అని మొదలెట్టాడు. "కొన్నాళ్ళు వేసేక నాకే భయమేసిందండి. బాబు కళ్ళు చూసేను. బండి చప్పుడుకే మొహం వెలిగిపోతోంది. ఇంక మానెయ్యాలి, రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, నేను రానండి అని చెప్పేసేను. రెండ్రోజులు వెళ్ళలేదండి. మూడోరోజు మీ అమ్మగారు ఆటో వేసుకుని షాపుకొచ్చేరు."

"మా అమ్మా?"

"మెట్ల మీద నిలబడి, 'నా కొడుకు ఏడుస్తుంటే వినలేకపోతున్నాను. రా' అన్నారండి. వద్దు టీచరుగారూ అన్నాను. 'ఏరా, నాకు ఎదురు చెప్పేంతవాడివయ్యేవా?' అన్నారండి. ఆవిడ నాకు మూడోక్లాసులో చదువు చెప్పేరు. బెత్తం పట్టుకుని రాయించకపోతే నాకు సంతకం కూడా వచ్చేది కాదు. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదండి. సంచీ తీసుకుని ఆవిడతో పాటు ఆటో ఎక్కేసేను."

"విషం ఇమ్మన్నా ఇచ్చేస్తారా?"

"ఇచ్చేసేను కదండీ."

బయట ఎవరో స్ట్రెచర్ తోసుకుపోతున్నారు.

"ఆ తర్వాత మళ్ళీ రోజూ వచ్చేరు. డబ్బులూ తీసుకున్నారు."

"ఆయ్. అది నా పాపమేనండి. అందులో ఆవిడకి వాటా లేదు."

"పెద్దల ముందర ఎందుకు చెప్పలేదు?"

"కొడుకుని పోగొట్టుకున్న తల్లి పేరు పదిమందిలో ఎలా ఎత్తుతానండీ? నన్ను నాలుగు తిట్టుకుంటే పోయేదేముందిలే అనుకున్నాను."

బ్లెస్సీ మాస్కు పైకి లాక్కుంది. రెండేళ్ళ ప్రార్థన! రెండేళ్ళుగా పక్కన మోకరించి చెప్పిన ఆమేన్లు! ఎవరి మీద పడ్డాయవి? పొద్దున్న పెట్టె మీద కూర్చున్న మనిషి కళ్ళ ముందు మెదిలింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. తల్లి తన పిడికెడు కూడా ఈ ముసలాడి ఒళ్ళో పోసి, పైగా కూతురి చేత వీడి గొంతు కోయించాలనుకుందా?

"నేను మీకు నొప్పి తెలియకుండా చేస్తాను," అంది బ్లెస్సీ. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "జాలిపడి కాదు. మీకు జాలి చూపించేంత మనసు నాకు లేదు. మీరు తెలివిలో ఉండాలి. ఏ మత్తూ కప్పకుండా, ఏ సూదికీ దాసుడవకుండా, తెలివిలో ఉండి ఇప్పుడు నాతో చెప్పింది మా అమ్మ మొహం మీద చెప్పాలి. మర్చిపోయేను, మాట తడబడింది అంటే ఊరుకోను."

"టీచరమ్మగారి ముందరా?" పోలిరాజు మొహం పాలిపోయింది. ఆపరేషనుకి పడని భయం అప్పుడు కనబడింది. "అంత శిక్ష వెయ్యకండమ్మా!"

"వేస్తాను," అంది బ్లెస్సీ.

*

థియేటర్లో సూర్యప్రకాశరావుగారు ఆమె చేతిలో మందులు చూసి కనుబొమలెత్తారు.

"మామూలుగా అన్నావు?"

"మనసు మార్చుకున్నాను సార్. కుట్లు వేసేముందు గాయం చుట్టూ మొద్దుబార్చే మందు మీరు ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

పెట్టె లేదు. నరం దగ్గరికి వెళ్ళే దారి లేదు. ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. కెటమిన్ కొద్దికొద్దిగా, లిగ్నోకెయిన్ చుక్కచుక్కగా ఎక్కిస్తూ, తెర మీద గుండె నడకని చూస్తూ నిలబడింది. ఇంత శ్రద్ధగా ఆమె ఏ పేషెంటునీ చూసుకోలేదు. తనవాళ్ళని కూడా చూసుకుని ఉండదు. ఒక్కోసారి పగ కూడా ఎంత ఒద్దికగా పనిచేయిస్తుందో! ఎముక మీద సుత్తి పడినప్పుడల్లా ఆమె కళ్ళు తెర మీదికి పోయాయి. గుండె తొట్రుపడలేదు. నొప్పి పైకి లేవలేదు.

పోలిరాజు కళ్ళు తెరిచాక, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

"ఉందండి నొప్పి," అన్నాడు ముద్దగా. తర్వాత ఆలోచించి, "ఓర్చుకునేంతేనండి," అన్నాడు.

ఆయన్ని వార్డులోకి మార్చారు. బ్లెస్సీ చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి వరండా బల్ల మీద మార్తమ్మ కూర్చుని ఉంది. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు కాబోలు, చీర కూడా మార్చుకోకుండా వచ్చేసింది. కళ్ళు వార్డు తలుపు మీదే ఉన్నాయి. పెళ్ళివిందుకి పిలుపు కోసం కూర్చున్నంత ఆశగా ఉంది ఆ మొహం.

"అయిందా?"

"అయింది."

"అరుస్తున్నాడా?" గొంతు తగ్గించి అడిగింది. "ఏం వినబడట్లేదే?"

"అరవట్లేదమ్మా. మాట్లాడుతున్నాడు."

"ఏం మాట్లాడుతున్నాడు?"

"నువ్వు ఆటో వేసుకుని షాపుకెళ్ళిన రోజు గురించి."

మార్తమ్మ కళ్ళజోడు తీసింది. కొంగుతో తుడవబోయి, తుడవకుండా ఒళ్ళో పెట్టుకుంది. వరండాలో జనం అటూ ఇటూ పోతున్నారు.

"అబద్ధమని చెప్పమ్మా," అంది బ్లెస్సీ. "అబద్ధమని ఒక్కసారి చెప్పు. నమ్ముతాను."

"నిజమే. వెళ్ళేను."

"రెండేళ్ళు! రెండేళ్ళు నా చేత ఆమేన్ అనిపించేవు! నీ చేతులతో నువ్వు తీసుకొచ్చి, తప్పంతా వాడి నెత్తిన రుద్ది, ఇవాళ నన్ను..." అంటూ తల్లికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు నాకు ఒక్క ఫోన్ చేసుంటే ఇమ్మూ బతికేవాడు. ఆటో ఎక్కే బదులు ఫోన్ చెయ్యాలని తోచలేదా నీకు?"

మార్తమ్మ తలెత్తి కూతురికేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"చేసేను," అంది.

"ఎప్పుడు?"

"ఆటో ఎక్కేముందే. వాడు రానంటున్నాడే, వీడు గుండెలు బాదుకుని ఏడుస్తున్నాడే, ఏం చెయ్యమంటావని అడిగేను. నువ్వు డ్యూటీలో ఉన్నావు. వెనకాల ఎవరో నిన్ను కేకలేస్తున్నారు. 'నొప్పంటే వేయించెయ్యమ్మా, ఒక్క సూదికి ఏం కాదు, పోలిరాజుగారినే పిలువు' అన్నావు. పెట్టేసేవు."

"నేనా?"

"డాక్టరు చదువుతున్న పిల్ల చెప్పింది కదా అని ధైర్యంగా వెళ్ళేను. అందుకే వాడితో అంత గట్టిగా మాట్లాడగలిగేను."

బ్లెస్సీ గోడకి ఆనుకుంది. ఎంత వెతుక్కున్నా ఆ ఫోను గుర్తు రాలేదు. ఆ రోజుల్లో ఎన్ని ఫోన్లు, ఎన్ని కేకలు! కానీ ఆ మాట తనది కాదనడానికి నోరు రాలేదు. అప్పట్లో అలాగే అనేది తను, అడిగినవాళ్ళందరితోనూ.

"సమాధి దగ్గర నాకెందుకు చెప్పలేదని అడిగేవు చూడు, అప్పుడే తెలిసింది నీకు గుర్తులేదని," అంది మార్తమ్మ. "ఒకణ్ణి పోగొట్టుకున్నాను. ఉన్న ఒక్కదానికీ గుర్తుచేసి ఎలా బతికించుకోనే? అందుకే వాడి పేరు పట్టుకున్నాను. రోజూ వాడి పేరే చెప్పేను, నీకు ఇంకో పేరు తోచకూడదని."

వార్డు తలుపు తెరుచుకుంది. విజయదుర్గ కంగారుగా తొంగిచూసింది. బల్ల మీద మనిషెవరో, గోడకానుకున్న డాక్టరు మొహం ఎందుకలా ఉందో గమనించే స్థితిలో ఆవిడ లేదు.

"డాక్టరమ్మగారూ! మా ఆయనకి నొప్పి మొదలైందండి. చెమటలు పట్టేస్తున్నాయి. సూది మాత్రం వద్దంటే వద్దని మంచం పట్టుకుని కూర్చున్నారు. సిస్టరుగారేమో ఒక్కదానికి ఏం కాదంటున్నారండి." గుమ్మంలో నిలబడే చేతులు జోడించింది. "మీరు చెప్పండమ్మా. వేయించెయ్యనా?"